ఇంట్లో ఒకలా, స్కూల్లో ఇంకోలా

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. నాలుగో ఏట ఆటిజం అని చెప్పారు. మాటలు వచ్చు, కానీ తనకు కావాల్సింది అడగడం తక్కువ. విన్న మాటల్నే మళ్లీ మళ్లీ అంటుంటాడు. మామూలు స్కూల్లోనే రెండో తరగతి చదువుతున్నాడు. ఈ ఏడాది క్లాస్ టీచర్ మారారు. అప్పటినుంచి రోజూ కంప్లయింటే. ‘కారణం లేకుండా అరుస్తాడు, పుస్తకం విసిరేస్తాడు, పక్కవాళ్లను తోస్తాడు, చెయ్యి కొరుక్కుంటాడు’ అని డైరీలో రాస్తున్నారు. అరిచినప్పుడల్లా క్లాసు బయట నిలబెడుతున్నారు. మొదట్లో వారానికి ఒకసారి జరిగేది, ఇప్పుడు దాదాపు రోజూ జరుగుతోంది. ఇంట్లో ఇవేవీ లేవు. తన మానాన తను బొమ్మలు గీసుకుంటాడు. సైకాలజిస్ట్ మా ఇద్దరికీ ఒకే రకం ఫారం ఇచ్చి నింపమన్నారు. నేను నింపినదాని ప్రకారం పెద్ద సమస్యే లేదు, టీచర్ నింపినదాని ప్రకారం సమస్య తీవ్రంగా ఉంది. మీటింగ్‌లో ఆవిడ ‘మీరు గారాబం చేసి పాడుచేస్తున్నారు’ అన్నారు. నేను కూడా ఊరుకోకుండా ‘మీకు పిల్లల్ని చూసుకోవడం రాదు’ అనేశాను. మావారు ‘కాకి పిల్ల కాకికి ముద్దు’ అని నన్నే ఎత్తిపొడుస్తున్నారు. వాడి నోటుబుక్కుల్లో సగం వాక్యాలే ఉంటున్నాయి. రాత్రి పడుకునే ముందు ‘అయిపోయింది, బుక్స్ మూసేయండి’ అని టీచర్ గొంతుతో ఇరవైసార్లు అంటాడు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. తల్లిని కాబట్టి నాకు కనబడటం లేదా? లేక ఆవిడే వాడి మీద కక్ష కట్టారా?

జవాబు:

అమ్మా, మీరు అంతగా పట్టించుకోకుండా చివర్లో రాసిన రెండు వాక్యాల దగ్గరే నేను ఆగిపోయాను. సగం వాక్యాల నోటుబుక్కు, రాత్రిపూట టీచర్ గొంతు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరు అడిగినదానికి చెప్పాలి కదా. మీకు కనబడకపోవడమూ కాదు, ఆవిడ కక్ష కట్టడమూ కాదు. మీ ఇద్దరి ఫారాలూ నిజమే.

ఇద్దరినీ మంచి చేసుకోవడానికి ఈ మాట అనడం లేదు. పిల్లల ప్రవర్తన గురించి తల్లిదండ్రులూ టీచర్లూ చెప్పేది ఎంతవరకు కలుస్తుందన్నది మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న. 1987లో థామస్ అషెన్‌బాక్, ఆయన సహచరులు 119 అధ్యయనాలను ఒకచోట పెట్టి లెక్క తీశారు. రెండు అభిప్రాయాలు పూర్తిగా కలిస్తే 1, అసలు సంబంధమే లేకపోతే 0 అనుకోండి. అమ్మ, నాన్న లాగా పిల్లాణ్ని ఒకేచోట చూసేవాళ్ల మధ్య అది 0.60 దాకా వచ్చింది. ఇల్లు, బడి లాగా వేర్వేరు చోట్ల చూసేవాళ్ల మధ్య 0.28 మాత్రమే. 2015లో మరో బృందం 341 అధ్యయనాలతో మళ్లీ చూస్తే అదే 0.28 వచ్చింది. ఇది ఆటిజం ఉన్న పిల్లల లెక్క మాత్రమే కాదు, పిల్లలందరిదీ. కాబట్టి మీ ఫారాలు కలవకపోవడంలో వింతేమీ లేదు. కలిసి ఉంటేనే నేను కాస్త ఆశ్చర్యపోయేదాన్ని.

మరి ఒకే పిల్లవాడు అంత వేరుగా ఎందుకు కనిపిస్తాడు? నేను చేసిన ఒక పొరపాటు చెబితే మీకు సులువుగా అర్థమవుతుంది.

స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పని మొదలుపెట్టిన కొత్తలో నా దగ్గర ఒక పాప ఉండేది. పిల్లలందరినీ వరుసగా హాల్లోకి తీసుకెళితే ఈ పాప గుమ్మం దగ్గర కూలబడేది. చెయ్యి పట్టుకుంటే గీరేది, ఎత్తుకోబోతే తల వెనక్కి విసిరేది. రెండు వారాలు చూసి రిపోర్టులో ‘మొండితనం ఎక్కువ’ అని రాసేశాను. వాళ్లమ్మ అది చదివి కోప్పడలేదు. ‘ఆ హాలు పక్కన నీళ్ల మోటారు ఉందా?’ అని మాత్రం అడిగింది. వెళ్లి చూస్తే గోడకు అవతలే ఉంది. మేం హాలుకు వెళ్లే సమయానికే దాన్ని వేస్తున్నారు. నా చెవికి అది వినబడను కూడా వినబడలేదు. గోడకు చెయ్యి ఆనిస్తే సన్నగా అదురు తెలిసింది. మర్నాడు అరగంట ముందు వెళ్లాం, పాప నడుచుకుంటూ లోపలికి వచ్చింది.

ఇందులో నా తప్పు సరే, ఆ తల్లి తర్వాత అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. ‘నాకూ ఇప్పుడే తట్టింది. ఇంట్లో దీనికి స్నానం చేయించే ముందు నేనే వెళ్లి మోటారు ఆపేస్తుంటాను. ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలీదు.’

మీరు కూడా అలాంటివి ఎన్ని చేస్తున్నారో ఓసారి గమనించుకోండి. బయటికి వెళ్లే ముందు వాడికి రెండుసార్లు చెబుతారా? బొమ్మ గీస్తుంటే పూర్తయ్యేదాకా పిలవకుండా ఆగుతారా? వాడు వేళ్లు నులుముకోవడమో, సన్నగా కూనిరాగం తీయడమో మొదలెడితే టీవీ సౌండు తగ్గిస్తారా? తల్లులు ఇవన్నీ ఆలోచించకుండానే చేసేస్తారు. అందుకే ఫారంలో ‘అకస్మాత్తుగా అరుస్తాడా?’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు మీరు నిజాయితీగా ‘లేదు’ అని టిక్కు పెట్టారు. అరిచేదాకా మీరు రానివ్వరు మరి. దీన్ని గారాబం అనరు. కానీ ఈ పనులేవీ ఫారంలో ఎక్కవు, టీచర్‌కు కనబడవు. చివరికి మీకు కూడా కనబడవు.

ఇప్పుడు ఆవిడ వైపు నుంచి చూద్దాం. మీరు వాడిని నిన్నటి వాడితో పోల్చి చూస్తారు. నాలుగేళ్లప్పుడు ఎలా ఉండేవాడో మీకు తెలుసు కాబట్టి ఇవాళ మీ కంటికి ఎంతో మెరుగు. ఆవిడ మాత్రం అదే వయసున్న క్లాసు మొత్తంతో పోల్చి చూస్తుంది, ఇంకోలా చూసే వీలు ఆమెకు లేదు. మీ ఇంట్లో వాడు ఏం చేయాలన్నది చాలావరకు వాడి ఇష్టం. క్లాసులో మాత్రం ఏం చేయాలో, ఎప్పుడు మొదలెట్టాలో, ఎప్పుడు ఆపాలో అంతా వేరేవాళ్లు చెబుతారు. పైగా ఒకరు అరిస్తే పాఠం ఆగిపోతుంది, ఇంకెవరికైనా దెబ్బ తగిలితే వాళ్ల అమ్మానాన్నలకు జవాబు చెప్పాల్సిందీ ఆవిడే. అందుకే టీచర్ల ఫారాల్లో అరవడం, తోయడం, లేచి వెళ్లిపోవడం లాంటివి ముందు పడతాయి. మూల కూర్చుని లోలోపల వణికిపోయే పిల్లవాడు ‘ఏ ఇబ్బందీ లేదు’ అనిపించుకుంటాడు. నన్నడిగితే వాడి గురించే ఎక్కువ బెంగపడాలి, కానీ అది వేరే సంగతి.

దీనికి పూర్తిగా రివర్సులో నడిచే ఇళ్లు కూడా ఉన్నాయని మీకు తెలియాలి. స్కూల్లో రోజంతా బిగబట్టుకుని, ఇంటి గుమ్మం దాటగానే భగ్గుమనే పిల్లలు. ఆ తల్లులకు ‘మా దగ్గర బాగానే ఉంటాడే’ అన్న మాట గోరుచుట్టు మీద రోకటిపోటు. మీ టీచర్ ఇప్పుడు పడుతున్న బాధ సరిగ్గా ఆ తల్లులదే. ఇంట్లో అంతా బాగుందని మీరన్న ప్రతిసారీ, తప్పంతా తనదేనని మీరు అంటున్నట్టు ఆవిడకు వినిపిస్తోంది.

గారాబం అన్న మాట దగ్గర ఓ క్షణం ఆగుతాను, ఎందుకంటే ఆ మాట మీకు బాగా గుచ్చుకుంది. ఆటిజంలో తల్లిని తప్పుపట్టడం పాత రోగం. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి వైద్యంలో ఒక రూపం ఇచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు, తల్లులు చల్లగా, ప్రేమ లేకుండా ఉండటం వల్లే ఇది వస్తుందని పెద్ద పెద్దవాళ్లే నమ్మారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్ట్, తనూ అలాంటి బిడ్డకు తండ్రే, అది తప్పని వాదిస్తూ పుస్తకం రాశాడు. ఇప్పుడు ఆ సిద్ధాంతాన్ని ఎవరూ ఒప్పుకోరు. అప్పుడు ప్రేమ చాలలేదని తిట్టారు, ఇప్పుడు ప్రేమ ఎక్కువైందని తిడుతున్నారు. తిట్లు పడేది మాత్రం తల్లులకే. మీవారు అన్న సామెతకు నేను ఇంకేం జవాబు చెప్పను గానీ, ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

ఇక అసలు విషయం. డైరీలో ‘కారణం లేకుండా’ అని ఉంది కదా, ఆ రెండు మాటల వల్లే ఇంత గొడవ జరుగుతోంది. ఆవిడ అబద్ధం రాయలేదు, ఆవిడకు నిజంగానే కారణం కనబడలేదు. మామూలు పిల్లలైతే కోపం వచ్చే ముందు ముఖం ముడుస్తారు, ఏదో ఒకటి అంటారు. మీవాడి గుర్తులు వేరు. వాటిని చదవడం మీకు ఏడేళ్లుగా అలవాటు. 2012లో డేమియన్ మిల్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక మంచి మాట చెప్పాడు. ఆయనకూ ఆటిజం ఉంది. ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్లు అర్థం కారని అందరూ అంటారు గానీ, ఎదుటివాళ్లకు కూడా వీళ్లు అర్థం కారని, ఇబ్బంది రెండు వైపులా ఉందని ఆయన వాదన. కాబట్టి టీచర్ ‘కారణం లేకుండా’ అని రాసిన చోటల్లా ‘నాకు తెలియని కారణంతో’ అని చదువుకోండి. అప్పుడు మీ కోపం కొంత తగ్గుతుంది.

ఇప్పుడు ఆ సగం వాక్యాల దగ్గరికి వద్దాం. ఇది నా ఊహ మాత్రమే, క్లాసులో కూర్చుని చూస్తే గానీ తేలదు. మీవాడు బోర్డు మీద ఉన్నది చూసి రాసుకుంటున్నాడు. నెమ్మదిగా, ఒక్కో అక్షరం గీసినట్టు రాస్తాడనుకుంటాను, బొమ్మలు గీసే పిల్లవాడు కదా. సగం వాక్యంలో ఉండగా డస్టర్ వచ్చి బోర్డు మీద పడుతుంది. ‘అయిపోయింది, బుక్స్ మూసేయండి.’ మిగతా పిల్లలకు అది పీరియడ్ అయిపోవడం. వీడికి మాత్రం చేతిలో ఉన్న పని కళ్లముందే మాయమైపోవడం. ‘మేడమ్, ఇంకా రాయలేదు, ఉంచండి’ అని అడిగే మాట సమయానికి నోటికి రాదు. అరుపు వస్తుంది, పుస్తకం గాల్లోకి లేస్తుంది, పక్కనున్నవాడికి తగులుతుంది. పాత టీచర్ బహుశా పిల్లలందరూ రాసేదాకా ఆగే మనిషేమో. మారకుండా ఉంటే చాలునన్న తపన ఈ పిల్లల్లో ఎంత బలంగా ఉంటుందో కానర్ ఆ మొదటి వ్యాసంలోనే రాశాడు. ఇక రాత్రి మీరు వినే ఇరవైసార్ల మాటను నేను ఉత్త వల్లెవేతగా కొట్టిపారేయను. ‘ఇవాళ స్కూల్లో ఏం జరిగింది?’ అని మీరు అడిగే ప్రశ్నకు వాడికి చేతనైన జవాబు అదేనేమో.

నా ఊహ తప్పే కావచ్చు. బెల్లు మోత కావచ్చు, కుర్చీలు నేల మీద లాగే శబ్దం కావచ్చు, వెనక కూర్చున్నవాడు గిచ్చుతుండవచ్చు. శబ్దం, వెలుగు, స్పర్శ లాంటివి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తోచడం ఆటిజం లక్షణాల్లో ఒకటని 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకంలో, చేర్చారు కూడా. అందుకే ఊహించుకుని కూర్చోకుండా రాసి చూడాలి. ఒక చిన్న నోటుబుక్కు తీసుకుని మూడు గడులు గీయండి: అరుపుకు సరిగ్గా ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఆ వెంటనే పెద్దవాళ్లు ఏం చేశారు. పక్కన టైము. రెండు వారాలు చాలు. టీచర్‌ను పేజీలు రాయమని అడగొద్దు, క్లాసు నడుపుతూ ఆవిడకు తీరదు. ఒక్కోసారికి నాలుగు ముక్కలు. మీరూ ఇంట్లో రాయండి. కాకపోతే మీరు రాయాల్సింది వేరు: ఇవాళ వాడి కోసం నేను ఏం ముందే సర్దేశాను?

ఆ మూడో గడి ముఖ్యం. అరిచినప్పుడు బయట నిలబెడుతున్నారు కదా, బయట వాడు ఎలా ఉంటాడు? ప్రశాంతంగా ఉంటే, అది వాడికి శిక్ష కాదు. చేయలేని పని నుంచి, భరించలేని గోల నుంచి సెలవు. అరిస్తే సెలవు దొరుకుతుందని వాడు నేర్చుకున్నాడు. వాడిని బయటికి పంపితే క్లాసు నిశ్శబ్దమవుతుందని ఆవిడా నేర్చుకుంది. వారానికోసారి జరిగేది రోజువారీ అయ్యింది అందుకే అయ్యుండొచ్చు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు, ఇద్దరికీ అప్పటికప్పుడు ఊరట దొరుకుతోంది అంతే. అయితే ఈ లెక్కను పట్టుకుని ‘కావాలనే చేస్తున్నాడన్నమాట’ అనేయకండి. ఒకసారి చెయ్యి కాలినవాడు పొయ్యికి దూరంగా ఉండటం కూడా నేర్చుకున్నదే.

మరి బయటికి పంపడం ఆపేస్తే సరిపోతుందా? సరిపోదు, గోల ఇంకా పెరుగుతుంది. ఆ అరుపు చేస్తున్న పనినే చేసే ఇంకో దారి వాడికి ఇవ్వాలి. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే సైకాలజిస్టులు ఇలాంటి ఇబ్బందులున్న నలుగురు పిల్లలతో పనిచేశారు. పాఠం కష్టమైనప్పుడు గోల చేసేవాళ్లకు ‘నాకు అర్థం కాలేదు’ అనడం నేర్పారు, తమను ఎవరూ పట్టించుకోనప్పుడు గోల చేసేవాళ్లకు ‘నేను బాగా చేస్తున్నానా?’ అని అడగడం నేర్పారు. గోల తగ్గింది. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఎవరికి ఏ మాట కావాలో అదే నేర్పాలి. ఒకరి మాట ఇంకొకరికి నేర్పితే పనిచేయలేదు. మీవాడికి కావాల్సింది ‘ఇంకా అవలేదు’ అన్న మాట అనుకుంటే, అది రాసిన ఒక చిన్న కార్డు బెంచీ మీద పెట్టండి. చూపించిన వెంటనే టీచర్ బోర్డులో ఆ మూల చెరపకుండా ఉంచాలి. మొదటి కొన్ని రోజులు ప్రతిసారీ ఉంచాలి. కార్డు చూపించినా బోర్డు చెరిగిపోతే వాడు మళ్లీ పాత పద్ధతికే వెళ్తాడు, నేనైనా అంతే చేస్తాను. ముందు ఇంట్లో అలవాటు చేయండి. బొమ్మ గీస్తుండగా మీరు పిలవండి, కార్డు చూపిస్తే ఆగండి. అన్నీ వాడికి అనుకూలంగా సర్దేసే మీ ఇంట్లో ఇలాంటి చిన్న చిన్న అడ్డంకులు అప్పుడప్పుడూ కావాలని పెట్టడం వాడికి మేలే. ఆ మేరకు టీచర్ మాటలోనూ కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి.

టీచర్‌తో ఎలా మాట్లాడాలి? ఇంతవరకు జరిగినదానికి ముందు ఒక్క ‘సారీ’ చెప్పేయండి. మీరన్న మాట బాగా లేదు, ఆవిడన్నదీ బాగా లేదు, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా. ఆటిజం గురించి కాగితాలు ప్రింటు తీసి ఇవ్వొద్దు, ఫోన్‌లో పొడుగాటి మెసేజ్‌లు పెట్టొద్దు. స్కూలు నుంచి ఫోన్ వస్తే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మనం సంజాయిషీ మొదలుపెడతాం. దానికి బదులు ప్రశ్నలు అడగండి. ‘ఏ పీరియడ్‌లో ఎక్కువ?’ ‘ఏ రోజు అసలు జరగలేదు?’ ఈ రెండోదాన్ని తప్పకుండా అడగండి. ఏ గొడవా జరగని రోజున ఏం తేడా ఉందో ఆవిడ గుర్తు తెచ్చుకోవడం మొదలుపెడితే మీ పని సగం అయినట్టే. ఆవిడ ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటారు, నేను చాలామంది టీచర్ల నోట విన్నాను. వాదించకండి. ‘ఒక్క రెండు వారాలు ఇలా చూద్దాం మేడమ్’ అనండి. వీలైతే ఒక గంట వెనక బెంచీలో కూర్చోనివ్వమని అడగండి. మీకు కుదరకపోతే మీవారిని పంపండి, ఆయన కాకి సామెత అక్కడ పరీక్షకు నిలుస్తుందేమో చూద్దాం.

ఇంకొక్కటి, ఇది వాయిదా వేయొద్దు. ప్రవర్తన ఉన్నట్టుండి మారినప్పుడు ఒంట్లో ఏదైనా నొప్పి ఉందేమో ముందు చూడాలి. పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం, నిద్ర చాలకపోవడం ఈ పిల్లలు నోటితో చెప్పలేరు. పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించండి. కొరుక్కున్న చోట గాయమవుతున్నా, తల గోడకు కొట్టుకుంటున్నా నోటుబుక్కు కోసం ఆగకుండా వెంటనే వెళ్లండి. మందుల మాట వస్తే, అవి ఆటిజాన్ని తగ్గించేవి కావు. తీవ్రమైన చిరాకు, తనను తాను గాయపరచుకోవడం లాంటివి ఉన్నప్పుడు కొందరికి ఇస్తారు, అది డాక్టర్ తేల్చాల్సింది.

సైకాలజిస్ట్ దగ్గర ఉన్న ఆ రెండు ఫారాలు పక్కన పడేయకండి. మొత్తం స్కోరు కాదు, ఒక్కో ప్రశ్నకు మీరేం పెట్టారో ఆవిడేం పెట్టారో పక్కపక్కన చూపించమని అడగండి. కుదిరితే టీచర్ కూడా అక్కడ ఉండేలా చూడండి. మీరిద్దరూ ఒకేలా టిక్కు పెట్టినవి కొన్ని ఉంటాయి, అవి ఎక్కడున్నా వాడితో ఉండేవి. అసలు కలవని ప్రశ్నల దగ్గర ఆగండి. ఒక్కోదానికీ ‘ఇది ఇంట్లో ఎందుకు రాదు?’ అని మీరు చెప్పండి, ‘ఇది క్లాసులో ఎప్పుడు వస్తుంది?’ అని ఆవిడ చెబుతారు. వెళ్లేటప్పుడు సగం వాక్యాలున్న ఆ నోటుబుక్కును కూడా వెంట తీసుకెళ్లండి.